మూడో లాంగ్‌టర్మ్

వాదన మొదలైంది ఫీజు దగ్గర. నీట్ కోసం రెండుసార్లు లాంగ్‌టర్మ్ చేసి వచ్చిన మనవణ్ణి మూడోసారి కూడా పంపాలా అన్నది తగువు. పంపాలన్నది తాతగారు. చరిత్ర లెక్చరరుగా రిటైరైన మనిషి. కాకినాడ గురించి ఏదడిగినా జవాబు 1904 నుంచి మొదలుపెడతారు. వద్దన్నది ఆయన మేనకోడలు. సైకాలజీ చదువుకుని, కొన్నేళ్లు ఒక కోచింగ్ సంస్థలో పిల్లలకు కౌన్సెలింగ్ చేసి, మానేసి వచ్చింది. నేను పక్కింటివాణ్ణి. రామారావుపేటలో వాళ్ల వరండాలోకి పిలిచి, కాఫీ ఇచ్చి, మధ్యవర్తిగా కూర్చోమన్నారు. కూర్చున్నాను గాని తీర్పు చెప్పలేదు. రాసుకున్నాను. అరుపులు తీసేశాను. వంటింట్లోంచి తాతగారి భార్య విసిరిన మాటలు ఉంచాల్సినవే, కాని సగం వినపడలేదు.

మావయ్య: ఒక్క ముక్కలో చెప్పు. వాడు మారడంటావు. అంతేనా?

మేనకోడలు: మారడని నేనెప్పుడన్నాను మావయ్యా? మారతాడన్న నమ్మకం మీద నువ్వు లక్షన్నర కట్టబోతున్నావు. ఆ మారడానికి ఏం ఏర్పాటు చేశావని అడుగుతున్నాను.

మావయ్య: ఏర్పాటేవిటే! మనసులో పట్టుండాలి. అసలు మనవాళ్లే చెడగొట్టారు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతోగాని పోదని ఒక సామెత కట్టి, ప్రతి బద్ధకస్తుడి చేతికీ సర్టిఫికెట్టు ఇచ్చేశారు. ఉద్యోగం చేసినన్నాళ్లూ క్లాసులో ఆ సామెతతోనే పోట్లాడాను.

మేనకోడలు: కృషితో నాస్తి దుర్భిక్షం అన్నదీ మనవాళ్లే కదా. కోచింగ్ సెంటర్ల గోడల మీద ఆ బాపతువే రాస్తారు. నువ్వు తలుచుకుంటే కానిది లేదు అని, అడుగెత్తు అక్షరాలు. ర్యాంకు రానివాడు ఆ గోడ కిందే కూర్చుని దాన్ని తిరగేసి చదువుకుంటాడు. కాలేదు కాబట్టి నేను తలుచుకోలేదన్నమాట, అని. తను ఎంత చదివాడో వాడికి తెలుసు. అంత చదివినా తలుచుకోనట్టేనా అంటే ఇక మిగిలేది నువ్వు పోట్లాడిన సామెతే. నా పుట్టుకే ఇంత. పగలు వినేది ఒకటి, రాత్రి దుప్పటి కప్పుకున్నాక అనుకునేది ఇంకొకటి. నా గదికి వచ్చేవాళ్లందరూ ఆ రెండోదే చెప్పేవాళ్లు.

మావయ్య: అది గోడ తప్పు, నమ్మకం తప్పు కాదు. కరోల్ డ్వెక్ రాసిన పుస్తకం నువ్వే ఇచ్చావు, నేను చదివాను. 1998లో ఆవిడా, క్లాడియా ముల్లరూ అయిదో క్లాసు పిల్లలతో ఏం చేశారు? బొమ్మల చిక్కులు విప్పమన్నారు. విప్పాక కొందరితో నువ్వు తెలివైనవాడివి అన్నారు, కొందరితో బాగా కష్టపడ్డావు అన్నారు. తేడా ఆ ఒక్క మాటే. తర్వాత కావాలని గట్టివి ఇచ్చి తప్పేలా చేశారు. మళ్లీ మొదటివాటిలాంటి తేలికైనవి ఇస్తే, తెలివైనవాడివి అనిపించుకున్న పిల్లలు ముందుకన్నా తక్కువ చేశారు. కష్టపడ్డావు అనిపించుకున్నవాళ్లు ఎక్కువ చేశారు. ఎన్ని వచ్చాయో వేరే బడి పిల్లలకు రాయమంటే, పెంచి రాసినవాళ్లు కూడా మొదటి గుంపులోనే ఎక్కువట! తెలివి తాతల ఆస్తి అనుకున్నవాడు దాన్ని దాచుకోవడానికే చూస్తాడు, ఓడిపోయే పోటీకి దిగడు. పెరిగేది అనుకున్నవాడు దిగుతాడు. ఒకడు మార్కు కోసం చదువుతాడు, ఇంకొకడు రాని పాఠం కోసం చదువుతాడు. పెట్టుకునే లక్ష్యమే వేరైపోతుంది.

మేనకోడలు: క్లాసులో కూర్చున్నట్టే ఉంది. కాకపోతే ఆ తర్వాత ఇరవై ఏళ్ల కథ నువ్వు చదివిన పుస్తకంలో లేదు. 2018లో ఈ తరహా అధ్యయనాలన్నీ పోగేసి చూస్తే, పిల్లలకు ఈ నమ్మకం నేర్పినందువల్ల మార్కుల్లో వచ్చిన తేడా సగటున చాలా స్వల్పం. 2019లో డేవిడ్ యేగర్, డ్వెక్, ఇంకా చాలామంది కలిసి అమెరికా అంతటా దాదాపు 12 వేల మంది తొమ్మిదో తరగతి పిల్లలకు కంప్యూటర్ మీద ఓ పాఠం చెప్పారు. మెదడు కండలాగా పెరుగుతుందని. గంట కూడా పట్టని పాఠం. చదువులో వెనకబడ్డ పిల్లలకు నాలుగు పాయింట్ల లెక్కలో పెరిగింది ఎంతో తెలుసా? 0.1.

మావయ్య: గంటలోపు పాఠానికి పదోవంతు పాయింటా! అమ్మాయ్, లక్షన్నర తీసుకుని ఏడాదిపాటు హాస్టల్లో పడేసే సెంటరు ఎంత పెంచుతుందో ఎవరైనా లెక్క తీశారా?

(ఇక్కడ నేను నవ్వాను. మధ్యవర్తి నవ్వకూడదని ఇద్దరూ నావైపు చూశారు.)

మేనకోడలు: తియ్యరు. తీస్తే ఫీజు అడగలేరు. అది నా వాదన మావయ్యా, నువ్వు చేసేస్తున్నావు. సరే, ఇంకోటి విను. ఆ అధ్యయనాన్నే తవ్వి 2022లో ఒక సంగతి రాశారు. లెక్కల టీచరు కూడా పిల్లలు ఎదుగుతారని నమ్మే క్లాసుల్లోనే ఆ పాఠం మార్కుల్లో కనిపించింది. టీచరు నమ్మని చోట పిల్లవాడు ఎంత నమ్మినా కదల్లేదు. అంటే వాడి గుండెలో ఏముందన్నది సగం మాటే. వాడి ఎదురుగా నిలబడినవాడు ఏం నమ్ముతున్నాడు, దాన్నిబట్టి ఏం చేస్తున్నాడు? తప్పు చేసినవాణ్ణి మళ్లీ బోర్డు దగ్గరికి పిలుస్తున్నాడా, చివరి బెంచీకి పంపేస్తున్నాడా?

మావయ్య: ఎవరి నమ్మకమైతేనేం, ముందు ఉండాలిగా. మన ఊళ్లో పెరిగిన దుర్గాబాయి దేశ్‌ముఖ్‌నే చూడు.

మేనకోడలు: టికెట్టు లేదని నెహ్రూగారిని గేటు దగ్గర ఆపేసిన కథ మాత్రం వద్దు. కాకినాడ పిల్లలకు అది ఉగ్గుతో పోస్తారు.

మావయ్య: ఆయ్, వద్దులే. అది జరిగిన 1923 కాంగ్రెసు సభలు వదిలేద్దాం. దానికి రెండేళ్ల ముందు, 1921 ఏప్రిల్లో గాంధీగారు ఇక్కడికి వస్తున్నారని తెలిసింది. ఈ పిల్లకు ఇంకా పన్నెండు నిండలేదు. దేవదాసీలు, ఘోషాలో ఉండే ముస్లిం స్త్రీలు ఆయన మాట వినాలని పట్టుబట్టింది. పెద్దమనుషులు అయిదు వేల రూపాయల నిధి తెస్తే అయిదు నిమిషాలు ఇప్పిస్తామన్నారు. వదిలించుకోవడానికి అన్నారనుకో. ఆ స్త్రీలే పోగుచేసి ఇచ్చారు. గాంధీగారు వచ్చి అరగంటకు పైగా మాట్లాడారు. అంతమంది పెద్దలకు రాని ఆలోచన ఈ పిల్లకు ఎందుకొచ్చింది? ఆ స్త్రీల బతుకు మారదని అందరూ అనుకున్నారు, ఈ పిల్ల అనుకోలేదు. తన సంగతి చూడు. ఎనిమిదో ఏట పెళ్లి చేశారు. ఊహ వచ్చాక ఆ కాపురం వద్దంది. ఇంగ్లీషు చదువు రుద్దుతున్నారని బడి మానేసి, హిందీ నేర్చుకుని, ఇదే ఊళ్లో ఆడవాళ్లకు హిందీ పాఠశాల పెట్టింది. ఉప్పు సత్యాగ్రహం నాటి నుంచి 1933 లోపు మూడుసార్లు జైలు. అప్పటికి మెట్రిక్ లేదు. ఇరవై ఏళ్లు దాటిపోయాక పుస్తకం పట్టింది. బెనారస్ మెట్రిక్, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో రాజనీతి శాస్త్రం, 1942లో మద్రాసులో లా పట్టా, అక్కణ్ణుంచి రాజ్యాంగ సభ. పుడకలతోగాని పోదన్న సామెతను పట్టుకు కూర్చుంటే ఇవన్నీ జరిగేవా?

మేనకోడలు: జరిగేవి కావు. కాని నువ్వు దాటేసినవి రెండున్నాయి. కాపురం వద్దన్న రోజున తండ్రి ఆవిడ పక్కన నిలబడ్డాడు, తమ్ముడు నిలబడ్డాడు. ఆ రోజుల్లో ఎంతమంది ఆడపిల్లలకు ఆ తండ్రి ఉన్నాడు? ఆవిడకున్న పట్టుదల ఉండి కూడా వంటింట్లోనే ముసలైపోయినవాళ్ల పేర్లు మన దగ్గర లేవు. ఇక రెండోది. ఇంగ్లీషు వద్దని బడి మానేసిన పిల్ల, అదే ఇంగ్లీషులో లా పరీక్ష రాసింది. జైల్లో ఆడఖైదీలను చూసింది. ఏం సంతకం పెట్టారో, ఎందుకు శిక్ష పడిందో తెలియనివాళ్లు. వాళ్ల తరఫున మాట్లాడాలంటే తను చదవాలని తోచింది. సత్యాగ్రహం పక్కన పెట్టి చదువుకి కూర్చుంది. పేరొచ్చిన దారి అది, జనం ఏమనుకుంటారోనని చూడలేదు. నువ్వు ఆవిడ పట్టుదల చూస్తున్నావు. నాకు ఆవిడ విడిచిపెట్టినవి కనిపిస్తున్నాయి.

మావయ్య: విడిచిపెట్టడం కూడా మార్పే కదే!

మేనకోడలు: అదే నేనూ అంటున్నది! మనవడి విషయంలో విడిచిపెట్టడం అంటే ఓటమి అంటున్నావు. దుర్గాబాయి దగ్గరికొచ్చేసరికి మార్పంటున్నావు. ఇంకో సంగతి చూడు. 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ మొదలైంది ఎలాగ? ఆడపిల్లలను కూర్చోబెట్టి బెనారస్ మెట్రిక్‌కి పాఠాలు చెప్పడంతో. తను ఎక్కి వచ్చిన మెట్లే వెనకవాళ్లకు వేసింది. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి మొదటి అధ్యక్షురాలైంది. 1958లో ఆ మండలి, చదువు మధ్యలో ఆగిపోయిన ఆడవాళ్ల కోసం తక్కువ కాలంలో పరీక్షకు కూర్చోబెట్టే కోర్సులు పెట్టింది. ముప్పై ఏళ్ల విధవరాలికి మీరు తలుచుకుంటే సాధిస్తారు అని ఉత్తరం రాసి ఊరుకోలేదు. రెండేళ్లు, ఇదిగో పుస్తకం, ఇదిగో టీచరు, ఇదిగో పరీక్ష తేదీ.

మావయ్య: ఆ ముప్పై ఏళ్ల ఆవిడ మారగలదని ముందు నమ్మకపోతే ఆ కోర్సు పెట్టేవాళ్లా?

(మేనకోడలు కాసేపు మాట్లాడలేదు. నా లెక్కలో ఆ పాయింటు మావయ్యగారిది. తర్వాత ఆవిడ ఒప్పుకున్న తీరు కూడా బాగుంది, నసగలేదు.)

మేనకోడలు: పెట్టేవాళ్లు కారు. అది ఒప్పుకుంటాను. నమ్మినవాళ్లు ఖర్చు పెడతారు. నమ్మనివాళ్లు జాలి పడతారు.

మావయ్య: మరి! పి.ఆర్. కాలేజీకి 1904లో రఘుపతి వెంకటరత్నం నాయుడుగారు ప్రిన్సిపాలుగా వచ్చినప్పుడు ఈ ఊరి సంగతేమిటి? అక్కణ్ణుంచి 1919 దాకా ఆయన చేసిందంతా ఇదే. ఆడపిల్లల్ని మగపిల్లలతో పాటు కాలేజీలో కూర్చోబెట్టారు. అనాథలకు ఆశ్రయం, హరిజన పిల్లలకు హాస్టలు, పిఠాపురం రాజావారి డబ్బుతో. దేవులపల్లి కృష్ణశాస్త్రిగారు ఆ గాలి పీల్చి పెరిగినవాడే. మద్యం వద్దు, భోగంమేళాలు వద్దు, మనిషి తన నడత మార్చుకోగలడు అని ఊరూరా చెప్పారు. బ్రహ్మర్షి అని ఊరికే అన్నారా?

మేనకోడలు: హాస్టలు కట్టారు చూడు, అక్కడ దణ్ణం పెడతాను. భోగంమేళాల దగ్గర ఆగుతాను. మేళం పెట్టించేవాడు మారాడు. పెళ్లికి బ్యాండు పెట్టించుకున్నాడు, వాడికి పోయిందేమీ లేదు. ఆడే ఆవిడ? మన గోదావరి జిల్లాల కళావంతుల ఇళ్లలో తరాలుగా వచ్చిన విద్య అది. పదాలు, జావళీలు, భామాకలాపం. మారండి అన్నారు. మారి ఏం కావాలో వాళ్లను అడిగినవాళ్లు ఎందరు? 1947లో మద్రాసులో చట్టం వచ్చింది. ఆ తర్వాత తలుపులేసుకుని, ఇంట్లోనే, ఒకరికొకరు ఆడుకున్నవాళ్లున్నారు. ఎవరికీ చెప్పకుండా. చివరికి నటరాజ రామకృష్ణగారు ఆ ముసలమ్మల దగ్గరే కూర్చుని నేర్చుకుని, ఆంధ్రనాట్యం అని పేరు పెట్టి మళ్లీ వేదిక ఎక్కించారు. వాళ్లు మారాలన్నది మంచి ఉద్దేశమే. లక్ష్యం మాత్రం వాళ్లది కాదు.

మావయ్య: ఆ మేళాల వెనక ఏం జరిగేదో నీకు తెలియదు. పద్నాలుగేళ్ల పిల్లల్ని ఏ జమీందారు ఇంటికి పంపేవాళ్లో నీకు తెలియదు. ఆయన లేకపోతే అది ఇంకో యాభై ఏళ్లు సాగేది.

మేనకోడలు: అది ఆగాల్సిందే. దాంతో పాటు ఏం పోయిందో కూడా లెక్క రాయాలంటున్నాను.

(ఇక్కడ ఇద్దరూ రాజీకి రాలేదు. నేనూ ఎటూ తేల్చుకోలేదు. ఆ విషయం మీద వేరే రోజు కూర్చోవాలి.)

మావయ్య: చరిత్ర నీకు వదిలేస్తున్నాను. ఇప్పటి సంగతి చెప్పు. మనిషి మారతానని నమ్మితే తప్పేమిటి?

మేనకోడలు: ఉగాదికి ఏమని ఒట్టు పెట్టుకున్నావు మావయ్యా?

మావయ్య: అది వేరు.

మేనకోడలు: ఏమని?

మావయ్య: తీపి మానేస్తానని. షుగరు రెండొందల అరవై ఉంది అప్పుడు.

మేనకోడలు: ఎన్నాళ్లు?

(వంటింట్లోంచి: "పెద్దాడి మావగారు కోటయ్య కాజాలు పట్టుకొచ్చేదాకా!")

మేనకోడలు: ఒక కాజా తిన్నావు. అంతటితో ఆగావా? నిండా మునిగినవాడికి చలేమిటని డబ్బా ఖాళీ చేశావు. టొరంటోలో జానెట్ పాలివీ, పీటర్ హెర్మన్ అని ఇద్దరు డైటింగ్ చేసేవాళ్ల మీద ఏళ్ల తరబడి పనిచేసి సరిగ్గా ఇదే చూశారు. ఒక ముక్క తప్పు తిన్నవాడు ఆ రోజుకి గేట్లెత్తేస్తాడు. తర్వాత వాళ్లే ఇంకో మాటన్నారు. మనం మార్పు గురించి నాలుగు దొంగలెక్కలు వేసుకుంటామట. ఎంతో మారతాం, త్వరగా మారతాం, తేలిగ్గా మారతాం, మారాక బతుకే వేరుగా ఉంటుంది. ఆ ఆశలోనే ఒక సుఖం ఉంది. ఒట్టు పెట్టుకున్న రోజే సగం మారిపోయినట్టు ఉంటుంది. తప్పాక, ఈసారి గట్టిగా అనుకోలేదు అనుకుని మళ్లీ అదే ఒట్టు. కాబట్టి మావయ్యా, నమ్మకం తక్కువై మాత్రమే కాదు, ఎక్కువై కూడా మనిషి అక్కడే తిరుగుతాడు.

మావయ్య: అయితే నమ్మకూడదంటావా? మారనని అనుకుని కాజాలు తింటూ కూర్చోనా?

మేనకోడలు: కాదు. 2013లో జెనీ బర్నెట్ వాళ్లు ఇలాంటి పరిశోధనలు వందకు పైగా కలిపి చూశారు. మనిషి మారగలడన్న నమ్మకం అన్నీ సాఫీగా ఉన్నప్పుడు పెద్దగా కనిపించదు. దెబ్బ తగిలినప్పుడు కనిపిస్తుంది. ఒక కాజా తిన్నాక ఆ సాయంత్రం నడకకి వెళ్లేవాడు, వెళ్లనివాడు, అక్కడ తేడా. ఉగాది పొద్దున్న అందరూ ఒకటే. నీ షుగరు తగ్గింది కదా ఇప్పుడు? ఎందుకు తగ్గింది? నీ ఒట్టు వల్లా? అత్తయ్య డబ్బాలు ఇంట్లో ఉంచడం మానేసింది. పాలవాడు రాగానే, కాఫీకి ముందు, చెప్పులు నీ కాళ్ల దగ్గర పెడుతోంది. ఫలానా జరగ్గానే ఫలానా చేస్తాను అని ముడేసుకున్న పని జరుగుతుందని పీటర్ గాల్విట్జర్ ఎప్పుడో చెప్పాడు. అత్తయ్య ఆయన్ని చదవలేదు.

(వంటింట్లోంచి ఏదో అన్నారు. మిక్సీ చప్పుడులో పోయింది.)

మావయ్య: నన్ను కొట్టింది చాలు, వాడి సంగతికి రా. రెండోసారికి మార్కులు పెరిగాయి కదా.

మేనకోడలు: పెరిగాయి, సీటుకి చాలనంత. వాడితో రెండు పూటలు కూర్చున్నాను. బయాలజీ వాడికి నీళ్లు. ఫిజిక్సులో పోతోంది. మొదటి ఏడాది ఎక్కడ పోయిందో రెండో ఏడాదీ అక్కడే. అదే సెంటరు, అదే మెటీరియలు, పొద్దున్న ఆరు నుంచి రాత్రి పదకొండు దాకా అదే టైంటేబులు, వారం వారం అదే పరీక్ష. రెండో ఏడాదిలో మారింది హాస్టలు గది ఒక్కటే. ఇప్పుడు మూడోది. అదే చెరువులో అదే వల వేసి, ఈసారి చేపకి బుద్ధి వస్తుందని గట్టున కూర్చున్నట్టు ఉంది.

మావయ్య: కష్టపడితే...

మేనకోడలు: కష్టం పడ్డాడు. మీ అందరికీ మార్పంటే ఎక్కువ గంటలు. డ్వెక్ కూడా తర్వాత నెత్తీ నోరూ కొట్టుకుంది, ఉత్త కష్టాన్ని పొగడకండి, దారి మార్చి చూశాడా అని అడగండి అని. 2019లోనే నేథన్ హడ్సన్ వాళ్లు కాలేజీ పిల్లలతో ఒకటి చేశారు. తమ స్వభావంలో ఏం మార్చుకోవాలో చెప్పమని, దానికి తగిన చిన్న చిన్న పనులు వారం వారం ఇచ్చి, పదిహేను వారాలు చూశారు. పనులు చేసినవాళ్లు కొంత మారారు. ఒప్పుకుని చెయ్యనివాళ్లు మారలేదు సరికదా, కొన్నిటిలో వెనక్కి పోయారు. ఒప్పుకోవడం ఉచితం కాదు మావయ్యా. చెయ్యలేకపోయిన ప్రతి ఒట్టూ మనిషి దగ్గర ఏదో కొంత పట్టుకుపోతుంది.

మావయ్య: ఇప్పుడు నేనొకటి అడుగుతాను. నువ్వు వాడికి ఏం చెప్పావు? ఫిజిక్సు అందరికీ రాదు నాన్నా, పర్లేదు అన్నావా?

మేనకోడలు: ...అలాంటిదే. నొచ్చుకుంటాడని.

మావయ్య: దొరికావు! అదే పుస్తకం వాళ్లే, 2012లో అనీతా రట్టన్, డ్వెక్ కలిసి రాశారు, నువ్వే ఫోన్లో పంపావు, చదవననుకున్నావా? లెక్కలు రానివాణ్ణి అందరూ లెక్కల్లో గొప్పవాళ్లు కానక్కర్లేదు అని ఓదార్చే టీచర్లు ఉంటారట. మంచివాళ్లే. ఆ ఓదార్పు విన్న పిల్లవాడికి ఏం వినపడుతుంది? ఈయన నామీద ఆశ వదులుకున్నాడు అని. వాడి ఆశా తగ్గిపోతుంది. అమ్మాయ్, నీ జాలి వాడికి పొగబెట్టడమే. నేను వాణ్ణి తిట్టినా, ఇంకా వాడి మీద ఆశ ఉంది కాబట్టే తిడుతున్నానని వాడికి తెలుసు.

(మేనకోడలు కాఫీ గ్లాసు అటూ ఇటూ తిప్పింది. ఈ పాయింటు కూడా ఆయనదే. అయితే, ఆశ ఉందని తిట్టేవాళ్లందరి గురించీ నాకంత నమ్మకం లేదు. మా నాన్న ఆ రకమే.)

మేనకోడలు: సరే. ఓదార్చకుండా ఉండాల్సింది. ఫిజిక్సులో ఏ పాఠం దగ్గర ఆగిపోతున్నావో చూపించు, ఇంకెవరి దగ్గరైనా ఇంకోలా చెప్పించుకుందాం అనాల్సింది. కాని మావయ్యా, డాక్టరవ్వాలని ఎవరన్నారు? ఎప్పుడన్నారు?

మావయ్య: వాడే. పదో క్లాసులో. రంగరాయ మెడికల్ కాలేజీలో సీటు కొడతానని వాడే అన్నాడు, ఈ వరండాలోనే.

మేనకోడలు: పదో క్లాసులో. ఇందాక ఇంకో అధ్యయనం చెప్పడం మర్చిపోయాను. 2013లో జోర్డి క్వాయిడ్‌బాక్, డాన్ గిల్బర్ట్, తిమోతీ విల్సన్ పద్దెనిమిది నుంచి అరవై ఎనిమిదేళ్ల దాకా ఉన్నవాళ్లను 19 వేల మందికి పైగా అడిగారు. గత పదేళ్లలో ఎంత మారావు? రాబోయే పదేళ్లలో ఎంత మారతావు? అన్ని వయసులవాళ్లూ ఒకటే చెప్పారు. ఇప్పటిదాకా చాలా మారాను, ఇకమీదట పెద్దగా మారను. ప్రతివాడికీ తన కథ ఈ రోజుతో పూర్తయినట్టే ఉంటుంది. పదిహేనేళ్లవాడు పెట్టుకున్న లక్ష్యం పంతొమ్మిదేళ్లవాడి మెడకు వేలాడుతోంది. మార్కులు పెంచుకోగలడని నమ్ముతున్నావు గాని, వాడి కోరిక కూడా మారి ఉండొచ్చని నమ్మట్లేదు. జగన్నాథపురంలో ఫిషరీస్ ఇన్‌స్టిట్యూట్ ముందు వాడు ఎన్నిసార్లు బండి ఆపాడో నీకు తెలుసా? ఉప్పాడ రేవులో ఏ పడవకి ఏ చేప పడిందో చెప్తాడు. ఈఏపీసెట్ ర్యాంకుతో బి.ఎఫ్.ఎస్సీ వస్తుంది వాడికి.

మావయ్య: చేపల చదువా! రెండేళ్లు, అంత డబ్బు...

మేనకోడలు: పోయిన డబ్బు తిరిగి తేవడానికి ఇంకో లక్షన్నరా?

మావయ్య: నీకు తేలిగ్గా ఉంది. వాడు ఇప్పుడు మానేస్తే జన్మంతా, ఇంకొక్కసారి రాసుంటే అనుకుంటాడు. ఆ మాట నేను చాలామంది నోట విన్నాను. నా తమ్ముడి నోట విన్నాను. అరవై ఏళ్లకు కూడా పోలేదు అది.

(ఈ మాటకు ఆవిడ దగ్గర జవాబు లేదు. ఏ అధ్యయనమూ గుర్తు రాలేదనుకుంటాను. తర్వాత గొంతు తగ్గించి మాట్లాడింది.)

మేనకోడలు: రాయనీ. హాస్టలు వద్దు. ఇంట్లో ఉండి రాయనీ. బయాలజీ వాడే చూసుకుంటాడు. ఫిజిక్సు ఒక్కటీ, మొదట్నుంచి, ఒకే మాస్టారి దగ్గర, ర్యాంకుల గోల లేకుండా. ఈఏపీసెట్ కూడా రాయాలి. సంక్రాంతి దాటేసరికి ఫిజిక్సులో ఇంత రావాలి అని ఒక అంకె, ఒక తేదీ. అది రాకపోతే నీట్ అక్కడితో సరి, బి.ఎఫ్.ఎస్సీ. అప్పుడు ఎవరూ ముఖం మాడ్చుకోకూడదు. ముఖ్యంగా నువ్వు.

మావయ్య: వెనక్కి తిరిగే తేదీ ముందే రాసిపెట్టుకుని యుద్ధానికి వెళ్లేవాడు ఎక్కడైనా ఉంటాడా?

మేనకోడలు: తిరిగొచ్చినవాళ్లందరూ వాళ్లే.

మావయ్య: అంకె అతిగా తగ్గించకు. వాడికి చులకనైపోతుంది.

మేనకోడలు: అతిగా పెంచకు. మళ్లీ గోడ మీద రాతే అవుతుంది.

మావయ్య: సరే, ఆ కాయితం ఇటివ్వు. తేదీ నేను వేస్తాను.

మేనకోడలు: నువ్వూ వద్దు, నేనూ వద్దు. వాడు వెయ్యాలి. అంకె కూడా వాడే.

మావయ్య: వాడికేం తెలుసే! పంతొమ్మిదేళ్లు వాడికి.

మేనకోడలు: గాంధీగారి దగ్గరికి వెళ్లిన పిల్లకు పన్నెండు నిండలేదు మావయ్యా.